నేను కత్తిరించిన మాటలు

మైకు ముందు కొత్తగా కూర్చున్న పిల్లలు ఎప్పుడైనా మా ఇంటికి వస్తే ఒకటే అడుగుతారు. "సార్, అంతమంది బాధలు అంత ఓపికగా ఎట్ల విన్నరు?" అని. వాళ్ళకు చాయ్ ఇప్పించి, పిచ్చాపాటీ మాట్లాడి పంపించేస్తాను. జవాబు మాత్రం చెప్పను. ఇప్పుడు రాస్తున్నాను కాబట్టి మీ మొహాలు ఎదురుగా లేవు, కొంచెం ధైర్యంగా ఉంది. నేను వినలేదు నాయనలారా. విన్నట్టు చేయడం నాకు బాగా వచ్చు. ఆ రెండింటికీ ఉన్న తేడా ఒక ఇంటి ముందు నిలబడితే తెలిసింది. అప్పటికే చాలా ఆలస్యమైంది.

ఇటు కరీంనగర్, అటు ఆదిలాబాద్ దాకా వినబడే ఒక చిన్న రేడియో స్టేషన్‌లో పంతొమ్మిదేళ్ళు రాత్రి పదింటి నుంచి పన్నెండింటి దాకా ఫోన్ కార్యక్రమం చేశాను. స్టేషన్ పేరు అడగకండి. ఇందులో ఎవరి పేరూ చెప్పను, నా పేరుతో సహా. పొలానికి కరెంటు ఎప్పుడొస్తుందా అని మోటారు దగ్గర కూర్చున్న రైతులు, పెద్దపల్లి రైస్ మిల్లుల్లో కాపలా ఉండేవాళ్ళు, పిల్లల్ని పండబెట్టి మళ్ళీ చాట ముందేసుకుని బీడీలు చుట్టే ఆడవాళ్ళు, ఇంట్లో మాట్లాడే దిక్కులేని ముసలివాళ్ళు, వీళ్ళే నా జనం. ఆదిలాబాద్ పత్తి మిల్లులో కావలి ఉండే ఒకాయన లైన్లోకి రాగానే, "కాయ్ సార్, జేవణ్ అయిందా?" అని అడిగేవాడు. అంతమందిలో నేను తిన్నానా లేదా అని అడిగిన మనిషి ఆయనొక్కడే. వీళ్ళు కాక గల్ఫ్ నుంచి చేసేవాళ్ళు. పది మంది పండుకునే గదుల్లోంచి, దుప్పటి కప్పుకుని, గుసగుసగా మాట్లాడేవాళ్ళు.

స్టూడియోలో మేము ఇద్దరమే. అద్దానికి ఇవతల నేను. అవతల బోర్డు ముందు మా సాంకేతిక సహోద్యోగి. ఫోన్లు ఎత్తడం, వరసలో పెట్టడం, పాటలు, ప్రకటనలు వేయడం అతని పని. నెమ్మదైన మనిషి. టిఫిన్ డబ్బాలో ఎప్పుడూ రెండు రొట్టెలు ఎక్కువ తెచ్చేవాడు. మా ఇద్దరి పైన స్టేషన్ చూసుకునే పెద్దసారు. పగటి మనిషి. రాత్రి కార్యక్రమం ఆయన ఎన్నడూ విన్నట్టు లేదు కానీ, దానికి వచ్చే ప్రకటనలంటే ఆయనకు ప్రాణం.

మాకు ఒక కట్టుబాటు ఉండేది. కార్యక్రమం ఎప్పుడూ ప్రత్యక్షమే. నేను సెలవు పెట్టినా ప్రత్యక్షమే. అదెలాగంటే, నేను ఊరికి వెళ్ళే ముందు పాత కార్యక్రమాల్లోంచి మంచి కాల్స్ ఏరి, రెండు గంటల టేపు తయారుచేసి పెట్టేవాడిని. కంప్యూటర్ వచ్చి ఎన్నో ఏళ్ళయినా మేము దాన్ని టేపు అనే అనేవాళ్ళం. అది పాతదని ఎవరికీ తెలియకూడదు. తేదీ వినబడితే తీసెయ్యాలి. పండుగ పేరు వస్తే తీసెయ్యాలి. వాన పడుతుందన్నా, ఎండ కొడుతుందన్నా, వరి కోతకొచ్చిందన్నా తీసెయ్యాలి. ఈ పనిలో నాకు మంచి పేరుండేది. అతుకు ఎక్కడుందో మా సహోద్యోగి కూడా కనిపెట్టలేకపోయేవాడు. దర్జీలు అంత సన్నగా కుట్టరు అనేవాడు. నేను మురిసిపోయేవాడిని. చెప్పేవాడికి వినేవాడు లోకువ అని ఊరికే అనలేదు పెద్దలు.

ఇక ఆ కొడుకు సంగతి చెబుతాను.

హుస్నాబాద్ అవతల ఒక ఊరతను. ఒకసారి గల్ఫ్‌కు పోయి కష్టాలు పడి తిరిగొచ్చాడు. మళ్ళీ పోనని తల్లి నెత్తి మీద చెయ్యి పెట్టి ఒట్టు వేశాడు. ఏడాది తిరగకుండానే, హైదరాబాద్‌లో పని చూసుకొస్తానని చెప్పి, విమానం ఎక్కాడు. తల్లికి ఆ సంగతి మూడో రోజు తెలిసింది. తెలిసిన రోజు నుంచి ఆమె అతనితో మాట్లాడలేదు. భార్యతో మాట్లాడేవాడు, డబ్బులు పంపేవాడు, అన్నీ చేసేవాడు. ప్రతి శుక్రవారం, అక్కడ సెలవు కాబట్టి, తల్లి ఫోన్‌కు చేసేవాడు. ఆమె ఎత్తేది కాదు. మోగి మోగి ఆగిపోయేది. కానీ ఆమెకు రాత్రి రేడియో వింటూ బీడీలు చుట్టడం అలవాటు. అది అతనికి తెలుసు. అందుకని మాకు చేయడం మొదలుపెట్టాడు.

మొదటిసారి లైన్లోకి వచ్చి, "సార్, నేను మీతోని మాట్లాడేటందుకు చెయ్యలే. ఏమనుకోకుండ్రి. మా అవ్వ ఇంటుంటది" అన్నాడు. సరే మాట్లాడమన్నాను. "అవ్వా, నేనే. కోపమున్నదా? ఉంటె తిట్టు. రేడియోకు ఫోన్ జేసి నలుగురి ముంగట తిట్టు, నేనేమనుకోను. గని మాట్లాడు" అన్నాడు. ఆ రాత్రి మాకు వచ్చిన ఫోన్లకు అంతులేదు. ఆ తల్లిని మాట్లాడమని బతిమాలేవాళ్ళు కొందరు, ఒట్టు తప్పినోడికి అట్లనే కావాలనేవాళ్ళు కొందరు. ఆమె మాత్రం ఫోన్ చేయలేదు. అతను నాలుగైదు సార్లు చేశాడు. అందులో ఒకటి, చివరిది, చాలా బాగా వచ్చింది. బాగా వచ్చింది అనే మాట ఎంత సిగ్గులేనిదో ఇప్పుడు రాస్తుంటే తెలుస్తోంది. మేము అలాగే అనేవాళ్ళం. ఎవరైనా గొంతు పూడుకుపోయి మాట్లాడితే, బాగా వచ్చింది అని.

ఆ తర్వాత అతనికి పని రాత్రికి మారిందట. ఫోన్ చేయడం ఆగిపోయింది. నేనూ మరిచిపోయాను.

రెండేళ్ళ తర్వాత మా మనవరాలి పుట్టువెంట్రుకలు తీయించడానికి వేములవాడ పోవాల్సి వచ్చింది. రెండు రోజులు సెలవు పెట్టి, మంగళవారం రాత్రికి టేపు తయారుచేశాను. పాత వాటిలో వెతుకుతుంటే ఈ కొడుకు చివరి కాల్ దొరికింది. బాగుంటుంది కదా అని పెట్టాను. మధ్యలో ఎక్కడో దసరా ప్రస్తావన ఉంది. అది వినబడితే పాతదని తెలిసిపోతుంది. అతను ఒక్క ఊపిరిలో మూడు నాలుగు మాటలు కలిపి చెప్పాడు కాబట్టి ఆ ముక్క మొత్తం తీసేశాను. కత్తిరించేటప్పుడు మాటలు వినం. తెర మీద గీతలు కనబడతాయి. గీత ఎక్కడ సన్నబడితే అక్కడ కోస్తాం. కోత పాత రికార్డింగు మీదే పడుతుంది, తీసినదాన్ని దాచుకునే అలవాటు కూడా మాకు లేదు.

మంగళవారం రాత్రి నేను వేములవాడ సత్రంలో నిద్రపోతుండగా నా గొంతు, "మన మిత్రుడు ఇప్పుడే గల్ఫ్ నుంచి లైన్లో ఉన్నాడు" అని చెప్పింది. అతని గొంతు, "అవ్వా, నేను మంచిగనే ఉన్న. నువ్వు ఫికర్ చెయ్యకు" అంది.

నాకు తెలియనిది ఏమిటంటే, అంతకు తొమ్మిది రోజుల ముందే అతను చనిపోయాడు. నిద్రలో గుండె ఆగిపోయిందని గదిలో వాళ్ళు ఇంటికి ఫోన్ చేశారట. శవం రావడానికి కాగితాలు కావాలన్నారు. ఇంటివాళ్ళు దాని కోసం ఎదురుచూస్తున్నారు.

నేను వచ్చి మళ్ళీ పనిలో కూర్చున్నాను. గురువారం సాయంత్రం ఆఫీసులో ఫోన్ మోగింది. మా సహోద్యోగి రాలేదింకా, నేనే ఎత్తాను. ఒక ఆడమనిషి. గొంతు చాలా చిన్నగా ఉంది.

"సార్, మొన్న మంగళారం రాత్రి గల్ఫ్ నుంచి ఒకాయన వాళ్ళ అవ్వతోని మాట్లాడిండు గద. గది నిజమేనా?"

ఇలాంటి ఫోన్లు రోజూ వస్తాయి. గొంతు బాగుందని, పాట మళ్ళీ వేయమని, ఆ మనిషి నంబరు కావాలని. నేను ఆ రాత్రి పాటల పట్టీ రాసుకుంటున్నాను.

"నిజమేనమ్మా. మీరు వినలేదా?" అన్నాను.

"ఇన్నం సార్. అందరం ఇన్నం." కాసేపు ఏమీ మాట్లాడలేదు. "మంగళారమే మాట్లాడిండా? పక్కానా?"

"పక్కా. మాది లైవే కదమ్మా" అన్నాను. ఆమె, దండం సార్, మీ కాళ్ళకు దండం అంది. ఫోన్ పెట్టేశాను.

ఎందుకు అడుగుతున్నావు తల్లీ అని నేను అడగలేదు. మూడు మాటలు. పంతొమ్మిదేళ్ళు మైకులో ఎంతమందినో అడిగిన ప్రశ్న. ఆమె చెప్పలేకపోయింది. మొగుడు చచ్చిపోయాడని కబురొచ్చింది అని నోటితో అంటే ఎక్కడ నిజమవుతుందో అని భయం. అది పట్టుకోవాల్సింది నేను. నా పనే అది.

తర్వాతి సోమవారం మధ్యాహ్నం అదే గొంతు మళ్ళీ ఫోన్ చేసింది. ఈసారి చిన్నగా లేదు.

"సార్, మా ఆయన డబ్బ పొద్దుగాల వచ్చింది. నేను మొఖం జూసిన. ఆయనే. మా అత్త సూస్తలేదు. మంగళారం రేడియోల మాట్లాడినోడు గీ డబ్బల ఎట్ల ఉంటడంటంది. మట్టి చెయ్యనిస్తలేదు. మీరు నిజమే అన్నరు గద సార్. గందుకే నేను గిన్ని రోజులు గాజులు తియ్యలే, బొట్టు తియ్యలే. ఇప్పుడు మీరే వచ్చి చెప్పుండ్రి."

వస్తానన్నాను.

పెద్దసారుకు చెప్పాను. ఆయన తలుపు వేయించాడు. "మీరు పోయి రికార్డింగు అని చెప్తే ఫోన్లల్ల వీడియో తీస్తరు. రేపటికల్ల మన కార్యక్రమం మీద నమ్మకం పోతది. మనంతట మనం పోయి చెప్పుకునుడు ఎందుకు, గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు? టెక్నికల్ మిస్టేక్ అనుండ్రి. లేకపోతే పోనే పోకుండ్రి" అన్నాడు. చెడ్డవాడు కాదు. ఆ కుర్చీలో నేనున్నా బహుశా అదే అనేవాడిని. మా సహోద్యోగి మాత్రం నా వెంట బస్టాండ్ దాకా వచ్చాడు. టేపు నొక్కింది నేనే గద అని ఒకటే నసిగాడు. వెంట వస్తానన్నాడు. రాత్రి బోర్డు ఎవరు చూస్తారని వద్దన్నాను.

బస్సులో కూర్చుని ఏం చెప్పాలో తయారుచేసుకున్నాను. మాటలు అమర్చుకోవడం నాకు అలవాటే. మూడు రకాలుగా అమర్చుకున్నాను. మూడూ బాగా వచ్చాయి.

ఊరు చేరేసరికి పొద్దు వాలుతోంది. చీకటి పడితే ఆ రోజుకు మట్టి చేయరు. పెట్టె వచ్చి అప్పటికి పగలంతా అయింది. ఇంటి ముందు అంబులెన్స్ నిలబడి ఉంది. వాకిట్లో డప్పుల వాళ్ళు డప్పులు పక్కన పెట్టి కూర్చున్నారు. చుట్టుపక్కల ఏ ఇంట్లోనూ పొయ్యి వెలిగినట్టు లేదు. మనుషులు గుంపులుగా ఉన్నారు కానీ చప్పుడు లేదు. ఒక మూల కోడలు నేల మీద కూర్చుని ఉంది. చేతులకు గాజులు అలాగే ఉన్నాయి. నన్ను చూసి లేవలేదు.

తల్లి అరుగు మీద ఉంది. ఒళ్ళో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. రోజూ చేసే పని చేసినట్టే, తునికాకు కత్తిరించి, తంబాకు పోసి, చుట్టి, దారం కట్టి పక్కన పెడుతోంది. పక్కన ఎవరో ముసలావిడ, "ఏడువు వదినా, జరంత ఏడువు" అంటోంది. తల్లి తల ఎత్తకుండానే చెప్పింది.

"నేను ఏడువ. ఏడిస్తె బతికున్న కొడుకును నేనే సంపుకున్నట్టు."

నేను దగ్గరికి పోయి, "అవ్వా" అన్నాను. అంతే అన్నాను. ఆమె చేతులు ఆగాయి. నా మొహం ఆమె ఎన్నడూ చూడలేదు. గొంతు మాత్రం పన్నెండేళ్ళుగా ఆమె ఇంట్లో మనిషి.

"అగో! నువ్వే గదా? రేడియో సారువు నువ్వే గదా?" అంది. మొహం విచ్చుకుంది. "వచ్చినవా బిడ్డా! ఓ కోడలా, సారుకు మంచినీళ్ళియ్యి. కూసో బిడ్డా, గిట్ల కూసో. ఇగ చెప్పు గీళ్ళకు. పొద్దుగాల సంది పరేషాన్ చేస్తున్నరు. నా కొడుకు మంగళారం నీతోని మాట్లాడిండా లేదా, చెప్పు!"

ఆమె నన్ను సాక్షి అనుకుంది. బస్సులో అమర్చుకున్న మూడింటిలో ఇది లేదు.

"అవ్వా, గది పాతది" అన్నాను. నా నోటికి కూడా ఆ ఊరి మాటే వచ్చింది. "రెండేండ్ల కింద మాట్లాడింది. మంగళారం నేను ఊళ్ళె లేను. నేను లేనప్పుడు పాతది ఏస్తం."

"పాతదేంది? ఇప్పుడే లైన్ల ఉన్నడు అన్నవ్ గద."

"గది గప్పుడు అన్నది."

"మరి నా కోడలు ఫోన్ జేస్తె పక్కా అన్నవట?"

"అన్న. తెల్వక అన్న. తప్పయింది."

చుట్టూ ఉన్నవాళ్ళు గొణుక్కున్నారు. ఎవరో ఫోన్ పైకెత్తి పట్టుకున్నారు, ఇంకెవరో దాన్ని దింపించారు. ఆమె మాత్రం కోపగించుకోలేదు. చిన్న పిల్లాడికి నచ్చజెప్పినట్టు నాకు నచ్చజెప్పింది.

"నీకు యాదికి లేదు బిడ్డా. పాతది నేనిన్న. దాంట్ల వాడు దసరాకస్త అన్నడు. దూడ పాలు తాగుతుందా అని అడిగిండు. మొన్నటి దాంట్ల గవి లెవ్వు. నేను చెవి వెట్టి ఇన్న గద. పాతదైతే గా మాటలు ఏడికి పోతయి? గిది కొత్తది."

అందరూ నా వైపు చూశారు. నిజమే కదా అన్నట్టు చూశారు. కోడలు కూడా తల ఎత్తింది. పెట్టెలో మొహం చూసి వచ్చిన మనిషి, ఆమె కళ్ళల్లో కూడా ఒక్క క్షణం ఆశ లేచింది. నా పనితనం అంత గొప్పది.

"గా మాటలు నేనే తీసేసిన అవ్వా" అన్నాను.

"తీసేసుడేంది?"

"దసరా అంటే పాతదని తెలుస్తదని, గా ముక్క కత్తిరించిన."

ఆమెకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. చాటలో ఆకులను అటూ ఇటూ జరిపింది. "నా కొడుకు మాటలు నువ్వు కత్తిరించినవా? ఎవలు చెప్పిండ్రు నీకు?" అంది. గట్టిగా అనలేదు. "ఏడున్నయి మరి? తే."

"లెవ్వు."

"లెవ్వంటే?"

ఆమె అంబులెన్స్ వైపు మొదటిసారి చూసింది. చూసి తల తిప్పేసుకుంది. అప్పుడు ఆమె అన్న మాటలు నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నాయి. కత్తిరించడానికి వీల్లేని మాటలవి.

"మూడేండ్లాయె వానితోని నేను మాట్లాడక. శుక్రారం శుక్రారం ఫోన్ మోగేది. ఎత్తకపోదును. దసరాకు రానీ, ఎదురుంగ నిలవెట్టి తిట్టి, గప్పుడు మాట్లాడుదామనుకున్న. దసరాకు రాలే. మల్ల దసరాకు రాలే. గిప్పుడు వాడు సచ్చిపోయిండంటే నేనెవ్వనితోని మాట్లాడాలె సారు?"

ఆమె నా చెయ్యి పట్టుకుంది. వేళ్ళకు తంబాకు అంటుకుని ఉంది.

"దూడ ముచ్చట అడగంగనే నాకు ఏడుపొచ్చింది గా రోజు. దాని ఎనుక వాడు ఇంకొకటేదో అన్నడు. నాకు ఇనవడలే. ఊళ్ళె అందరిని అడిగిన, ఎవ్వలకు యాదికి లేదు. నువ్వు దగ్గరుండి ఇన్నవ్ గద. గా మాటొక్కటి చెప్పు. చెప్పినవంటే నువ్వన్నదే నిజమనుకుంట. ఎత్తుకపొమ్మంట."

నాకు గుర్తులేదు. ఎంత తడుముకున్నా ఒక్క అక్షరం గుర్తుకు రాలేదు. రెండేళ్ళయిందని కాదు. అతను చెప్పిన నిమిషంలోనే నేను వినలేదు. పొద్దు గూకుతోంది. డప్పుల వాళ్ళు లేచి నిలబడ్డారు. కోడలు నా నోటి వంక చూస్తోంది. గుర్తులేదని చెప్పాల్సింది. నాలుగు నిమిషాల ముందు అంత నిజం చెప్పినవాడిని, ఇంకొక్కటి చెప్పలేకపోయాను. ఆమె మొహం చూసి జాలేసిందని ఇన్నాళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. జాలి కాదు. ఖాళీ వస్తే నింపడం నాకు అలవాటు. రేడియోలో నిశ్శబ్దం ఉండకూడదు.

"నీ చేతి సర్వపిండి తినాలనుందన్నడు అవ్వా" అన్నాను.

గల్ఫ్ నుంచి చేసే ప్రతి కొడుకూ అనే మాట. వెయ్యి సార్లు విన్నాను. గొంతు కూడా వణికించాను.

ఆమె నా చెయ్యి వదిలేసింది.

"పల్లికాయ లేని సర్వపిండి ఉంటదా? వానికి పల్లికాయ పడది" అంది. "తింటె మూతి వాస్తది. చిన్నప్పటి సంది సర్వపిండి ముట్టలే." కొంగుతో వేళ్ళు తుడుచుకుంది. "గది ఇంకెవ్వని కొడుకో అన్న మాట సారు."

చాట పక్కన పెట్టింది. లేచి నిలబడింది. "తియ్యుండ్రి" అంది మనుషులతో. నన్ను నమ్మి అనలేదు. నా దగ్గర ఆమె కొడుకుది ఏదీ లేదని తేలిపోయాక అంది. పెట్టె దింపుతుంటే అప్పుడు ఏడ్చింది. ఆ ఏడుపు గురించి రాయను. నేను గోడవారగా నిలబడ్డాను. ఎవరూ తిట్టలేదు, ఎవరూ కొట్టలేదు. నాకు కావలసింది అదే అయినా, ఎవరూ ఇవ్వలేదు. డప్పులు దూరం పోయాక ఒకాయన వచ్చి, హుస్నాబాద్‌కు ఆఖరి బస్సుందని చెప్పాడు.

రాత్రి స్టేషన్‌కు వచ్చి కార్యక్రమం చేశాను. పెద్దసారు పొద్దున అడిగాడు, ఏమైనా గొడవైందా అని. కాలేదన్నాను. బతికించిండ్రు అన్నాడు.

మేమిద్దరం, నేనూ మా సహోద్యోగీ, ఆ కంప్యూటర్‌లో నెల రోజులు వెతికాం. లేదు. మరో నాలుగేళ్ళు నేను ఆ మైకు ముందే కూర్చున్నాను. సెలవు పెట్టినప్పుడు టేపు వేయొద్దని అన్నాను. పెద్దసారు నవ్వాడు. నేనూ ఉద్యోగం మానలేదు. అంతకంటే చెప్పుకోదగ్గ వీరత్వం నా దగ్గర ఏమీ లేదు. ఫోన్లో ఎవరైనా కాసేపు మాట్లాడకుండా ఉండిపోతే మాత్రం నాకు చెమట పట్టేది. మా సహోద్యోగి అద్దం అవతల నుంచి చూసి, తలవంచుకునేవాడు.

నేను దిగిపోయిన మరుసటి ఏడు, స్టేషన్ వేరే భవనానికి మారుతుంటే, అతనికి బీరువా వెనక ఒక సీడీ దొరికింది. ఎప్పుడో ఏదో పోటీకి పంపడానికి ఆ కార్యక్రమం మొత్తం, కోయకుండా, ఎక్కించిందట. పోటీకి పంపడం మరిచిపోయాం. అతను దాన్ని తెచ్చి మా ఇంట్లో వినిపించాడు.

దసరాకు వస్తానన్నాడు. దూడ పాలు తాగుతుందా అని అడిగాడు. ఆ తర్వాత, ఊపిరి తిప్పుకోకుండా అన్నాడు:

"నువ్వు ఫోన్ ఎత్తకున్నా మంచిదే అవ్వా. రింగయితుంటె ఇంట్ల ఉన్నవని నాకు ఎరుకైతది. గంతే సాలు. రింగే గద, శుక్రారం శుక్రారం చేస్త."

ఆ మాటల మీదుగా నా గొంతు వినబడుతోంది. "ఊఁ... ఊఁ... సరే అన్నా, మంచిది, ఒక పాట విందాం" అని.

మా సహోద్యోగి ఏడ్చాడు. నేను మరునాడు పొద్దున్నే బస్సెక్కాను. ఈసారి ఏమీ అమర్చుకోలేదు. ఫోన్లో ఎక్కించుకున్న ఆ ముక్క ఉంది, అది చాలు అనుకున్నాను. ఆ ముసలిదాని గుండెల్లో ఇన్నేళ్ళుగా గుచ్చుకుని ఉన్నది ఫోన్ ఎత్తకపోవడమే కదా. దానికి కొడుకే జవాబు చెప్పిపోయాడు. నేను ఇచ్చి రావాలంతే. నా బతుకులో మొదటిసారి ఒక మనిషికి చెందిన మాట ఆ మనిషికి చేరవేయబోతున్నానని, సిగ్గు విడిచి చెబుతున్నాను, సంతోషంగా కూడా ఉంది.

ఆమె చాలా వంగిపోయింది. కళ్ళు ఆనడం లేదు, బీడీలు మానేసింది. కోడలు పొలం పనికి పోయింది. నా గొంతు గుర్తుపట్టి, కూర్చోమంది. నీ కొడుకు మాట దొరికింది అవ్వా అని చెప్పి, ఫోన్ ఆమె చెవి దగ్గర పెట్టాను. మొదటి నుంచి చివరి దాకా విన్నది. మళ్ళీ పెట్టమంది. పెట్టాను. రింగయితుంటె అన్న దగ్గర ఆమె పెదవులు కదిలాయి. నేను ఆమె మొహమే చూస్తున్నాను.

అయిపోయాక ఫోన్ తడుముతూ నా చేతిలో పెట్టింది. నా చెయ్యి మీద రెండుసార్లు తట్టింది, దూరం నుంచి వచ్చిన పిల్లాడిని తట్టినట్టు.

"మంచిగ చేసుకొచ్చినవ్ బిడ్డా" అంది. "అచ్చం వాని గొంతు లెక్కనే ఉన్నది."